కబేళా నుంచి ఆపరేషన్ థియేటర్ దాకా: జంతు కణజాలం వైద్యానికి పనికొచ్చే దారి

2022లో ‘నేచర్ బయోటెక్నాలజీ’ పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. కెరటోకోనస్ అనే జబ్బులో కార్నియా, అంటే కంటి ముందు ఉండే పారదర్శక పొర, పలచబడి ముందుకు పొడుచుకొస్తుంది, చూపు దెబ్బతింటుంది. అది ముదిరిన 20 మందికి భారత్, ఇరాన్‌లలో కొత్త తరహా ఆపరేషన్ చేశారు. వాళ్లలో 14 మంది అప్పటికే అంధుల లెక్కలో ఉన్నవాళ్లు. రెండేళ్ల తర్వాత పరీక్షిస్తే ఆ లెక్కలో ఒక్కరూ లేరు. వాళ్ల కంట్లో అమర్చింది దాతలు ఇచ్చిన కార్నియా కాదు. పంది చర్మం నుంచి తీసి, శుద్ధి చేసి, పారదర్శకమైన పొరగా మలచిన కొల్లాజెన్ అనే ప్రొటీన్. దీని వెనుక స్వీడన్‌లోని లింకోపింగ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఉన్నారు. పంది చర్మం మాంస పరిశ్రమలో ఎలాగూ మిగిలేదే.

ఇలాంటి వార్త వచ్చినప్పుడల్లా రెండు వాదనలు కలిసిపోయి వస్తాయి. తినడానికి పనికిరాని భాగాలతో వైద్యం చేయవచ్చన్నది ఒకటి. దానివల్ల కబేళా వ్యర్థాల సమస్య తగ్గి పర్యావరణానికి మేలు జరుగుతుందన్నది రెండోది. మొదటిదానికి దశాబ్దాల ఆధారాలున్నాయి. రెండోది వినడానికి బాగుంటుంది గానీ, లెక్క వేసి చూస్తే అంతగా నిలబడదు. రెంటినీ విడివిడిగా చూడాలి.

కబేళాలో మిగిలేవి ఎక్కడికి పోతున్నాయి

పశువును కోశాక దాని బరువులో మూడో వంతు నుంచి సగం దాకా మనుషులు తినని భాగాలే ఉంటాయి. చర్మం, ఎముకలు, కొమ్ములు, గిట్టలు, రక్తం, పేగులు, పిత్తాశయం, మూత్రాశయం, గుండె చుట్టూ ఉండే సంచి, ఇలా. కోళ్లయితే ఈకలు. సరిగా చూసుకోకపోతే ఇవి కుళ్లి రోగాలకు తావిస్తాయి. రక్తం చెరువులోనో కాలువలోనో కలిస్తే నీటిలో ఆక్సిజన్ పడిపోయి చేపలు చచ్చిపోతాయి.

అలాగని ఇవన్నీ ఊరికే పారబోస్తున్నారని కాదు. పెద్ద కబేళాల్లో చర్మం తోలు పరిశ్రమకో జెలటిన్ తయారీకో పోతుంది. ఎముకలూ జెలటిన్‌కే. కొవ్వు సబ్బుకు, బయోడీజిల్‌కు. మిగిలింది పెంపుడు జంతువుల ఆహారానికి, ఎరువుకు. వైద్యం కూడా ఈ వాకిట్లోకి కొత్తగా వచ్చిందేమీ కాదు. 1920ల నుంచి ఆరు దశాబ్దాల పాటు ఇన్సులిన్ ఆవుల, పందుల క్లోమగ్రంథుల నుంచే వచ్చింది. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్‌ను నేటికీ ప్రధానంగా పంది పేగుల లోపలి పొర నుంచే తీస్తున్నారు. గొర్రెల, పశువుల పేగులతో చేసిన క్యాట్‌గట్ దారంతో సర్జన్లు తరాలపాటు కుట్లు వేశారు.

ఇప్పటి పరిశోధనలో కొత్తదనం వేరే చోట ఉంది. కణజాలం నుంచి ఏదో ఒక పదార్థాన్ని పిండుకోవడంతో ఆగకుండా, ఆ కణజాలపు నిర్మాణాన్నే వాడుకోవడం.

కణాలు పోయినా మిగిలే అల్లిక

దెబ్బతిన్న కణజాలాన్ని శరీరం తిరిగి కట్టుకునేలా చేసే వైద్యాన్ని రీజనరేటివ్ మెడిసిన్ అంటున్నారు. అందుకు కణాలు కావాలి, వాటికి సంకేతాలిచ్చే రసాయనాలు కావాలి, కణాలు పట్టుకుని పెరగడానికి ఒక ఆధారం కావాలి. ఈ ఆధారం పేరే స్కాఫోల్డ్, అంటే పరంజా. గోడ లేచాక పరంజా విప్పేసినట్టు, కొత్త కణజాలం ఏర్పడే కొద్దీ ఇదీ మెల్లగా కరిగిపోవాలి. త్వరగా కరిగితే గాయం నిలవదు. అసలు కరగకపోతే శరీరం దాన్ని పరాయి వస్తువుగానే చూస్తుంది.

మన ప్రతి అవయవంలోనూ ఇలాంటి సహజమైన ఆధారం ఉంది. కణాల మధ్య, కణాల చుట్టూ కొల్లాజెన్, ఎలాస్టిన్, లామినిన్ లాంటి ప్రొటీన్లూ కొన్ని చక్కెర గొలుసులూ కలిసి ఒక అల్లికగా ఉంటాయి. దీన్ని ఎక్స్‌ట్రాసెల్యులర్ మాట్రిక్స్ అంటారు. ఇందులో పెద్ద వాటా కొల్లాజెన్‌దే. శరీరంలోని మొత్తం ప్రొటీన్‌లో సుమారు మూడో వంతు అదే. మూడు గొలుసులు ఒకదానితో ఒకటి పెనవేసుకుని ఉండటమే దాని బలం. వేడి చేస్తే ఆ పెనవేత విడిపోయి జెలటిన్ అవుతుంది.

కొల్లాజెన్ గురించి గుర్తుంచుకోవలసిన సంగతి ఒకటుంది. పంది కొల్లాజెన్‌కూ ఆవు కొల్లాజెన్‌కూ మన కొల్లాజెన్‌కూ తేడా చాలా తక్కువ. పంది కణాన్ని మన శరీరం వెంటనే పరాయిదని గుర్తిస్తుంది కానీ, పంది కణాల మధ్య ఉన్న అల్లికను చాలావరకు సహిస్తుంది. ఈ రంగమంతా నిలబడింది ఈ ఒక్క తేడా మీదే.

1980ల చివర్లో అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయంలో స్టీఫెన్ బడిలాక్ కుక్కల్లో రక్తనాళం స్థానంలో చిన్నపేగు ముక్కను అమర్చి చూశాడు. అందులో బాగా పనిచేసింది సబ్‌మ్యూకోజా అనే మధ్య పొర. కొన్నాళ్లకు అది పేగులా కాకుండా రక్తనాళపు గోడలా మారిపోయింది. అక్కడి నుంచి పంది చిన్నపేగు, మూత్రాశయం, చర్మం, పశువుల గుండె సంచి వరసగా గాయాల పాచ్‌లుగా, హెర్నియా సర్జరీలో వాడే వలలుగా ఆసుపత్రుల్లోకి వచ్చాయి. తిరువనంతపురంలోని శ్రీ చిత్ర తిరునాళ్ సంస్థ పంది పిత్తాశయం నుంచి తయారుచేసిన పాచ్‌కు 2023లో భారత ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి ఇచ్చింది.

అల్లికను యథాతథంగా వాడటం ఒక దారి. దాన్ని విడగొట్టి, శుద్ధి చేసి, కావలసిన ఆకారంలో మళ్లీ కట్టడం ఇంకో దారి. బోస్టన్ ప్రాంతానికి చెందిన జాన్ బర్క్, ఇయానిస్ యానస్ 1981లో ప్రకటించిన కృత్రిమ చర్మం రెండో రకం. ఆవు కొల్లాజెన్‌నూ సొరచేప మృదులాస్థి నుంచి తీసిన చక్కెర గొలుసునూ కలిపి, పైన పలచని సిలికోన్ పొర వేశారు. పెద్ద కాలిన గాయాల చికిత్సలో అది మలుపు. పళ్ల డాక్టర్లు దవడలో ఎముక నింపడానికి వాడే గుళికల్లో బాగా వాడుకలో ఉన్న ఒక రకం, ఆవు ఎముకలోని ప్రొటీన్‌నంతా తీసేయగా మిగిలిన ఖనిజమే.

కణాలను ఎంతవరకు కడగగలం

అల్లికను ఉంచి కణాలను మాత్రం తీసేసే పని పేరు డీసెల్యులరైజేషన్. నీటిలో ఉప్పు సాంద్రత మార్చి కణాలను పగలగొడతారు. డిటర్జెంట్లతో కణపొరలను కరిగిస్తారు. ఎంజైములతో డీఎన్‌ఏను ముక్కలు చేస్తారు. తర్వాత మళ్లీ మళ్లీ కడుగుతారు.

చెప్పినంత తేలిక కాదు. గట్టి డిటర్జెంట్ వాడితే కణాలు బాగా పోతాయి, దాంతోపాటు అల్లికలోని సున్నితమైన భాగాలూ, కణాలను పెరగమని సంకేతాలిచ్చే గ్రోత్ ఫ్యాక్టర్లూ పోతాయి. డిటర్జెంట్ అవశేషమే మిగిలితే తర్వాత వచ్చి చేరే కణాలకు అది విషం. మెత్తగా కడిగితే అల్లిక బాగుంటుంది, కణాల శకలాలు మిగులుతాయి. నా దృష్టిలో ఈ రంగంలో అసలు నైపుణ్యం ఇక్కడే ఉంది.

ఎంత కడిగితే చాలు? 2011లో బడిలాక్ బృందం సూచించిన కొలత ఇప్పటికీ వాడుకలో ఉంది. ఒక మిల్లీగ్రాము ఎండు కణజాలంలో 50 నానోగ్రాములకు మించి డీఎన్‌ఏ ఉండకూడదు. ఉన్న ముక్కల పొడవు 200 బేస్ జతలు (డీఎన్‌ఏ పొడవును కొలిచే యూనిట్లు) దాటకూడదు. రంగు వేసి మైక్రోస్కోప్‌లో చూస్తే కేంద్రకాలు కనిపించకూడదు.

ఈ అంకెను కొంచెం విప్పి చూద్దాం. ఒక పంది కణంలో ఉండే డీఎన్‌ఏ సుమారు 6 పికోగ్రాములు. 50 నానోగ్రాములంటే 50,000 పికోగ్రాములు. ఆరుతో భాగిస్తే దాదాపు 8,300. అంటే పరీక్ష పాసైన పాచ్‌లో కూడా ప్రతి మిల్లీగ్రాముకు 8 వేలకు పైగా కణాల డీఎన్‌ఏ మిగిలి ఉండవచ్చు. ఒక గ్రాము పాచ్‌లో అది 83 లక్షల కణాలంత. అవి బతికున్న కణాలు కావు, చిన్న ముక్కలు. చాలా సందర్భాల్లో శరీరం వాటిని తట్టుకుంటుంది. కానీ ‘కణాలు లేని పదార్థం’ అని రాసి ఉందంటే సున్నా అని అనుకోకూడదు. పంది పేగుతో చేసిన ఒక ఉత్పత్తిలో పంది డీఎన్‌ఏ ఉన్నట్టు 2005లో పరిశోధకులు చూపించారు కూడా.

డీఎన్‌ఏ కన్నా పెద్ద చిక్కు ఆల్ఫా-గాల్. ఇది ఆవు, పంది లాంటి జంతువుల కణాల మీద ఉండే ఒక చక్కెర గుర్తు. పరిణామ క్రమంలో మనిషి దీన్ని తయారుచేసే శక్తి పోగొట్టుకున్నాడు. అందుకే మన రక్తంలో దీనికి వ్యతిరేకంగా యాంటీబాడీలు ముందే సిద్ధంగా ఉంటాయి.

కడగడం సరిపోకపోతే ఏమవుతుందో చెప్పే బాధాకరమైన ఉదాహరణ వియన్నా నుంచి 2003లో ప్రచురితమైంది. కణాలు తీసేశామని చెప్పిన పంది గుండె కవాటాలను నలుగురు పిల్లలకు అమర్చారు. ముగ్గురు చనిపోయారు. తీసి పరీక్షించిన కవాటాల్లో తీవ్రమైన వాపు కనిపించింది. అమర్చకుండా ఉంచిన కవాటాల్లో కూడా పంది కణాల అవశేషాలు దొరికాయి. ఆ పిల్లల శరీరం నుంచి కొత్త కణాలు వచ్చి కవాటాన్ని తమదిగా చేసుకుంటాయన్న ఆశ నెరవేరలేదు. ఈ ఉదంతం తర్వాత పరీక్షలు కఠినమయ్యాయి. ఈ రంగం గురించి రాసేవాళ్లెవరూ ఆ నలుగురు పిల్లలను మరిచిపోకూడదు.

ఇప్పుడు మామూలుగా గుండెకు అమర్చే జంతు కణజాల కవాటాలు వేరే పద్ధతిలో చేసినవి. వాటిని గ్లూటరాల్డిహైడ్‌తో గట్టిపరుస్తారు. దాంతో రోగనిరోధక వ్యవస్థ నుంచి చాలావరకు తప్పించుకుంటాయి. కానీ అలా గట్టిపడ్డ అల్లికలోకి కొత్త కణాలు చేరి దాన్ని మార్చుకోలేవు. ఏళ్లు గడిచేకొద్దీ కాల్షియం పేరుకుంటుంది. వేల మందిని బతికిస్తున్న మంచి పరికరాలే అవి. అయినా ఖచ్చితంగా మాట్లాడితే కణజాలం తిరిగి కట్టుకోవడం అక్కడ జరగడం లేదు. వార్తల్లో ఈ రెంటినీ ఒకే గాటన కట్టేస్తుంటారు.

ఏ జంతువు, ఎక్కడిది, ఎప్పుడు కోశారు

పిచ్చి ఆవు జబ్బు అని పేరుపడ్డ బీఎస్ఈని 1986లో బ్రిటన్‌లో గుర్తించారు. అది మనుషులకు సోకినట్టు 1996లో తేలింది. దీనికి కారణమైన ప్రయాన్ బ్యాక్టీరియా కాదు, వైరస్ కాదు, మడత తప్పిన ప్రొటీన్. మామూలు వేడికీ రేడియేషన్‌కూ లొంగదు. అందుకే పూర్తయిన పాచ్‌ను స్టెరిలైజ్ చేసి చేతులు దులుపుకుంటే కుదరదు. జాగ్రత్త మందలోనే మొదలవ్వాలి. పశువు ఏ దేశానిది, ఏం మేసింది, వయసెంత, మెదడు, వెన్నుపాము తగలకుండా కోశారా, ఇవన్నీ రాసిపెట్టి ఉండాలి. ఆ ప్రమాదం తక్కువని గుర్తింపు ఉన్న ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ మందలకు వైద్య కంపెనీల్లో గిరాకీ అందుకే. పందుల్లో చిక్కు వేరు. వాటి జన్యువుల్లోనే కొన్ని రెట్రోవైరస్‌ల ఆనవాళ్లు కలిసిపోయి ఉన్నాయి.

యూరప్ చట్టం జంతు ఉపఉత్పత్తులను ప్రమాద స్థాయిని బట్టి మూడు వర్గాలుగా విడగొడుతుంది. ప్రాణం లేని జంతు కణజాలంతో చేసి శరీరంలో పెట్టే పరికరాలను, వైద్య పరికరాల వర్గీకరణలో అత్యంత కఠినమైన మూడో తరగతిలో ఉంచుతుంది. ఈ ముడిసరుకు ఎంపిక, సేకరణ, వైరస్‌ల తొలగింపు ఎలా జరగాలో చెప్పడానికి ఐఎస్ఓ 22442 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది.

సరఫరా మీద కన్ను లేకపోతే ఏం జరుగుతుందో హెపారిన్ చూపించింది. 2007–08లో చౌక రసాయనం ఒకటి, బాగా సల్ఫేట్ చేసిన కాండ్రాయిటిన్, ముడి హెపారిన్‌లో కలిసింది. అప్పటి మామూలు పరీక్షలకు దొరకలేదు. రోగులకు తీవ్రమైన రియాక్షన్లు వచ్చాయి, ప్రాణాలు పోయాయి.

ఇవన్నీ చూస్తే ఒక విషయం అర్థమవుతుంది. కబేళా గుట్టలోంచి దొరికిందేదో ఏరుకొచ్చి శరీరంలో పెట్టే పదార్థం చేయలేం. జంతువును కోసిన కొద్ది గంటల్లోనే కణజాలం తనను తాను జీర్ణం చేసుకోవడం మొదలుపెడుతుంది. కాబట్టి ఆ భాగాన్ని కబేళాలోనే వేరుగా, శుభ్రంగా తీసి, వెంటనే చల్లబరిచి, ఏ జంతువుదో రాసి పంపాలి. అలా చేయడానికి కబేళాలో ప్రత్యేకమైన లైను, శిక్షణ ఉన్న మనుషులు కావాలి.

చేప చర్మం మీద ఆసక్తి పెరగడానికి పైన చెప్పిన జబ్బుల భయమే ఒక కారణం. పశువుల, పందుల జబ్బుల భయం చేపల్లో చాలా తక్కువ కాబట్టి అంత కఠినంగా శుద్ధి చేయనక్కర్లేదు. ఐస్‌లాండ్‌లో కాడ్ చేప చర్మంతో గాయాల పాచ్‌లు చేస్తున్నారు. బ్రెజిల్‌లోని ఫోర్టలేజాలో కాలిన గాయాలపై తిలాపియా చర్మం కప్పి చికిత్స చేశారు. ఇబ్బంది ఏమిటంటే, చల్లని నీటి చేపల నుంచి విడిగా తీసిన కొల్లాజెన్ మన శరీర వేడికే విడిపోతుంది. గట్టిపరచకుండా లోపల పెడితే నిలవదు.

వ్యర్థాల సమస్య ఎంత తీరుతుంది

ప్రపంచంలో కార్నియా మార్పిడి కోసం 1 కోటీ 27 లక్షల మంది ఎదురుచూస్తున్నారని ఒక అంచనా. అందరికీ కొల్లాజెన్ పొరే పనికొస్తుందనుకుందాం, అది నిజం కాకపోయినా. 9 మిల్లీమీటర్ల వ్యాసం, 0.4 మిల్లీమీటర్ల మందం ఉన్న పొర నీటితో కలిపి సుమారు 25 మిల్లీగ్రాములు తూగుతుంది. ఆ బరువంతా కొల్లాజెనే అనుకున్నా, మొత్తం అందరికీ కలిపి కావలసింది 320 కిలోలు. తయారీలో తొంభై శాతం పోతుందనుకున్నా 3 టన్నుల పైచిలుకు. ప్రపంచంలో ఏటా కోసే పందులు 100 కోట్లకు పైనే. ఆ చర్మపు రాశిలో ఈ 3 టన్నులు లెక్కలోకే రావు.

గాయాల పాచ్‌లు, ఎముక గుళికలు, హెర్నియా వలలు కలిపితే పరిమాణం పెరుగుతుంది. అయినా కబేళా వ్యర్థాల గుట్టను వైద్యం తగ్గించలేదు. రోగికి దక్కే మేలు చాలా పెద్దది, గుట్టలో తగ్గేది చాలా చిన్నది.

ఇక కార్బన్ లెక్క. ‘ఎలాగూ మిగిలేదే కదా, దీనికి పర్యావరణ భారం సున్నా’ అని వాదించేవాళ్లున్నారు. ఊహాత్మకంగా ఒక జంతువును పెంచడంలో 1,000 యూనిట్ల ఉద్గారం ఉందనుకోండి. చర్మం దాని బరువులో 5 శాతం, అమ్మితే వచ్చే ఆదాయంలో 2 శాతం. చర్మాన్ని వ్యర్థమంటే దాని వాటా సున్నా. బరువు ప్రకారం పంచితే 50 యూనిట్లు. ధర ప్రకారం పంచితే 20. వైద్య కంపెనీలు ఎక్కువ డబ్బిచ్చి కొనడం మొదలుపెట్టి చర్మం వాటా ఆదాయంలో 6 శాతానికి పెరిగిందనుకుంటే 60 అవుతుంది. జంతువు అదే, చర్మమూ అదే. మారింది పంచే పద్ధతి, చర్మం ధర. ఈ మూడు పద్ధతుల్నీ నిపుణులు వాడతారు. కాబట్టి ఒక ఉత్పత్తిని పర్యావరణహితం అన్నారంటే, ఏ పద్ధతిలో లెక్కించారన్నదే మొదటి ప్రశ్న.

దీనికి తోడు తయారీ భారం. రోజుల తరబడి కడగడానికి శుద్ధమైన నీరు, డిటర్జెంట్లు, ఫ్రీజ్ డ్రైయింగ్‌కు, క్లీన్‌రూమ్‌కు కరెంటు, స్టెరిలైజేషన్‌కు ఇథిలీన్ ఆక్సైడ్ వాయువో గామా కిరణాలో. కణాలను కడగడానికి ప్రయోగశాలల్లో ఎక్కువగా వాడిన ట్రైటాన్ ఎక్స్-100ను, నీటి జీవుల హార్మోన్లను దెబ్బతీస్తుందన్న కారణంతో యూరప్ 2021 నుంచి ప్రత్యేక అనుమతి లేకుండా వాడనివ్వడం లేదు. ద్రవరూపానికీ వాయురూపానికీ మధ్యస్థంగా ఉండే సూపర్ క్రిటికల్ కార్బన్ డయాక్సైడ్‌తో కడిగే పద్ధతులపై అందుకే పరిశోధన సాగుతోంది.

అభ్యంతరాలు, వాటి బలం

జంతువులను చంపడాన్నే ఒప్పుకోని వాళ్ల వాదన సూటిగా ఉంటుంది. వ్యర్థానికి మంచి ధర వస్తే కబేళా లాభం పెరుగుతుంది, ఆ వ్యవస్థకు ఊపిరి పోసినట్టే అంటారు. ఆదాయంలో వైద్యం వాటా చాలా తక్కువ కాబట్టి దానివల్ల అదనంగా జంతువులను పెంచరని అటువైపు వాళ్లంటారు. ప్రస్తుత పరిమాణంలో రెండోదే సరైనదని నాకనిపిస్తుంది. కానీ మొదటివాళ్ల నైతిక ప్రశ్నకు అది జవాబు కాదు.

మతపరమైన విషయంలో ఒకే మాట లేదు. పంది మాంసాన్ని నిషేధించే మతాల్లోనూ ప్రాణాపాయం ఉన్నప్పుడు, వేరే దారి లేనప్పుడు మినహాయింపు ఉందనే పండితులు చాలామంది ఉన్నారు. ఒక పదార్థం పూర్తిగా మారిపోతే నిషేధం వర్తించదనే వాదనా ఉంది, దాన్ని ఒప్పుకోనివాళ్లూ ఉన్నారు. ఆవు విషయంలో హిందువులకు ఇదే సందిగ్ధం. ఎవరి నిర్ణయం వాళ్లదే. కానీ ఆపరేషన్‌కు ముందు ఆ పదార్థం ఏ జంతువుదో రోగికి చెప్పాలి. చాలాసార్లు చెప్పడం లేదు, అది తప్పు.

ఫీటల్ బొవైన్ సీరమ్ సంగతి మరీ కలవరపెట్టేది. ప్రయోగశాలలో కణాలను పెంచడానికి వాడే ఈ ద్రవం, కబేళాకు వచ్చిన చూడి ఆవుల గర్భంలోని పిండాల రక్తం నుంచి వస్తుంది. స్కాఫోల్డ్ మొక్కల నుంచి వచ్చినా, దాని మీద కణాలను ఈ సీరమ్‌లో పెంచితే జంతువు ప్రమేయం లేదనడానికి వీల్లేదు. మనుషుల ప్లేట్‌లెట్ల నుంచి తీసిన ద్రవం, సీరమ్ లేని మాధ్యమాలు ఇప్పుడు దీని స్థానంలోకి వస్తున్నాయి.

జంతువు లేకుండా చేయగలమా

ఇన్సులిన్ కబేళాను వదిలి వెళ్లింది. 1982లో బ్యాక్టీరియాలో తయారైన మానవ ఇన్సులిన్‌కు అనుమతి రావడంతో ఆ మార్పు మొదలైంది. కొల్లాజెన్ కూడా అదే దారిలో ఎందుకు వెళ్లలేదు? ఇన్సులిన్‌లో ఉన్నది 51 అమైనో ఆమ్లాలు. కొల్లాజెన్‌లో ఒక్కో గొలుసులోనే వెయ్యికి పైగా. అలాంటివి మూడు సరిగ్గా పెనవేసుకోవాలి. అలా పెనవేసుకుని శరీర వేడికి నిలబడాలంటే వాటిలోని ప్రోలీన్ అనే అమైనో ఆమ్లాన్ని ప్రత్యేకమైన ఎంజైము మార్చాలి. మామూలు బ్యాక్టీరియాలో ఆ ఎంజైము లేదు. ఇజ్రాయెల్‌కు చెందిన కాల్‌ప్లాంట్ అనే కంపెనీ ఐదు మానవ జన్యువులను పొగాకు మొక్కలో పెట్టి ఈ అడ్డంకిని దాటింది. ఈస్ట్‌లోనూ ప్రయత్నాలు సాగుతున్నాయి. ధర ఇంకా జంతు కొల్లాజెన్‌కు దగ్గరగా రాలేదు.

అణువు ఒకటి, అల్లిక మరొకటి. పంది మూత్రాశయపు గోడలో పోగులు ఏ దిశలో ఉన్నాయి, ఏ పొరలో ఏ గ్రోత్ ఫ్యాక్టర్ దాగి ఉంది, రక్తనాళాలు ఎలా చీలాయి అన్న అమరికను ఏ ఫ్యాక్టరీ ఇంకా పూర్తిగా పునఃసృష్టించలేదు. 2008లో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఎలుక గుండెను కణాలు లేకుండా కడిగి, కొత్త కణాలు నింపి, బలహీనంగానైనా మళ్లీ కొట్టుకునేలా చేయగలిగారంటే, లోపలి నాళాల దారులు చెక్కుచెదరకుండా మిగలడమే కారణం.

కాబట్టి మార్పు ఒకేసారి రాదు. కార్నియా పొర, త్రీడీ ప్రింటింగ్‌లో వాడే బయోఇంక్, ఇంజెక్షన్‌గా ఇచ్చే జెల్ లాంటివాటికి శుద్ధమైన కొల్లాజెన్ చాలు. అవి ముందుగా కబేళాను వదిలే అవకాశం ఉంది. హెర్నియా వలలు, గుండె సంచితో చేసే కవాటాలు, పేగు, మూత్రాశయపు పాచ్‌లకు అల్లిక అల్లికగానే కావాలి. అవి ఇంకా చాలాకాలం పశువుల మీద, పందుల మీదే ఆధారపడతాయి.